రూపర్ట్ పిచ్చివాడు కాడు

మార్టిన్ స్కోర్సెసీ తీసిన ‘ది కింగ్ ఆఫ్ కామెడీ’ అమెరికాలో 1983 ఫిబ్రవరిలో విడుదలైంది. నాలుగు దశాబ్దాలు దాటినా దాని గురించి మాట్లాడేవాళ్లు ఒకే మాటతో మొదలుపెడతారు: ఇదొక పిచ్చివాడి కథ. పేరు కోసం మతి చెడిన ఒక అభిమాని ఒక టీవీ తార వెంటపడి, వేధించి, చివరికి ఎత్తుకుపోయిన వైనం. ఈ మాట మొదట అక్కడి విమర్శకులు అన్నారు. సినిమా పాఠాలు చెప్పేవాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో చూసే మన కుర్రవాళ్లూ అదే అంటున్నారు. ఈ తీర్పును నేను ఒప్పుకోను. ఇది సినిమాకు అన్యాయం. అవకాశం కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడిన ప్రతి మనిషికీ అంతకంటే పెద్ద అన్యాయం. స్కోర్సెసీ, రచయిత పాల్ జిమ్మర్‌మన్ కలిసి బోనెక్కించింది వినోద వ్యాపారాన్ని. మనం ముద్దాయిని ఇంటికి పంపించి ఫిర్యాదు చేసినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చాం.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. రూపర్ట్ పప్కిన్‌కు 34 ఏళ్లు. న్యూజెర్సీలోని క్లిఫ్టన్ ఊరివాడు, న్యూయార్కులో మెసెంజర్ పని చేస్తుంటాడు. హాస్యగాడు కావాలని అతని కోరిక. దేశమంతా రాత్రిపూట చూసే టాక్ షో నడిపే జెర్రీ లాంగ్‌ఫర్డ్ తనకు ఒక్క అవకాశం ఇస్తే చాలనుకుంటాడు. కారులో ఒకసారి మాట్లాడతాడు, ఫోన్లు చేస్తాడు, ఆఫీసుకు వెళతాడు, తన జోకుల టేపు ఇస్తాడు, జెర్రీ ఇంటికి వెళ్లి గెంటించుకుంటాడు. ఆఖరికి మాషా అనే అమ్మాయితో కలిసి జెర్రీని అపహరించి, అతన్ని విడిచిపెట్టడానికి షోలో పది నిమిషాలు అడుగుతాడు. ఆ పది నిమిషాలూ దొరుకుతాయి. జనం నవ్వుతారు. జైలుకు వెళ్లి ప్రసిద్ధుడై తిరిగివస్తాడు. రూపర్ట్‌గా రాబర్ట్ డి నీరో, జెర్రీగా జెర్రీ లూయిస్, మాషాగా శాండ్రా బెర్న్‌హార్డ్ నటించారు.

పిచ్చి అనేవాళ్లు చూపించే ఆధారాలు నాకు తెలియనివి కావు. ఇంటి అడుగున ఉన్న గదిలో జెర్రీది, లైజా మిన్నెల్లీది నిలువెత్తు అట్టబొమ్మలు పెట్టుకుని, వాటి మధ్య కూర్చుని తనే షోకు వచ్చిన అతిథిలా మాట్లాడుకుంటాడు. పైనుంచి తల్లి కేకలేస్తుంటుంది గానీ ఆమె మనకు కనిపించదు. చివర్లో తన హాస్య ప్రసంగంలో అమ్మ పోయి తొమ్మిదేళ్లయిందంటాడు. ఇంకేం, లేని తల్లి గొంతు వింటున్నాడన్నమాట అని తేల్చేస్తారు. హాస్యగాడు వేదికమీద చెప్పే జోకును వాంగ్మూలంగా తీసుకుంటే ప్రపంచంలో భార్యమీద జోకు వేసిన ప్రతివాడి సంసారమూ కూలిపోయిందని రాసుకోవాలి. అదే ప్రసంగంలో తన తల్లిదండ్రుల గురించి, బడిలో తిన్న దెబ్బల గురించి ఎన్నో అతిశయోక్తులు చెబుతాడు. వాటినెవరూ సాక్ష్యంగా పట్టుకోరు. అట్టబొమ్మల సంగతంటారా, అద్దం ముందు నిలబడి డైలాగు చెప్పి చూసుకోని నటుడు ఎవరు? పాత్ర దొరక్కముందే ఆ పాత్రలో బతకడం ఆ వృత్తిలోకి రాదలచుకున్నవాడు చేసే మొదటి సాధన. అతనికి గది ఉంది, ప్రేక్షకులు లేరు. గోడమీద నవ్వుతున్న జనం ఫోటో పెద్దది అంటించుకుని దాని ముందు నిలబడతాడు. ఆ దృశ్యంలో నాకు జబ్బు కనిపించలేదు, లేమి కనిపించింది.

అసలు విషయం ఆ కారులో ఉంది. సినిమా మొదట్లోనే స్టూడియో బయట అభిమానులు జెర్రీమీద పడుతుంటే రూపర్ట్ అడ్డుపడి, అతన్ని కారెక్కించి, తనూ ఎక్కుతాడు. దారిలో తన కోరిక చెబుతాడు. జెర్రీ అలసిపోయి ఉన్నాడు. అయినా మర్యాదగా, ఈ వ్యాపారానికీ కొన్ని పద్ధతులున్నాయని, అనుభవం లేకుండా నేరుగా పెద్ద షోలోకి రాలేరని, అట్టడుగు నుంచి మొదలుపెట్టాలని చెబుతాడు. తానిప్పుడు ఉన్నది అట్టడుగునే అంటాడు రూపర్ట్. ఇల్లు వచ్చాక మెట్లమీద కూడా వదలకపోతే, ఆఫీసుకు ఫోన్ చెయ్యమని చెప్పి జెర్రీ లోపలికి వెళ్లిపోతాడు.

రూపర్ట్ ఆ మాట నమ్మాడు. తర్వాత సినిమాలో జరిగేదంతా ఆ నమ్మకం నుంచి పుట్టిందే. ఫోన్ చెయ్యమన్నాడు కాబట్టి చేశాడు. జవాబు రాకపోతే ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి రిసెప్షనిస్టు అతని పేరు ఒక్కసారైనా సరిగా పలకదు. కూర్చోమంటే కూర్చుంటాడు, పైకప్పు చూస్తూ ఎదురుచూస్తాడు. టేపు ఇమ్మంటే ఇస్తాడు. జెర్రీ లేడంటే సరేనంటాడు. జెర్రీ లోపలే ఉన్నాడని మాషా చెప్పాక లోపలికి దూసుకెళితే కాపలావాళ్లు పట్టుకుని బయట పడేస్తారు. చివరికి తను ఇష్టపడే రీటా అనే అమ్మాయిని వెంటబెట్టుకుని ఊరవతల జెర్రీ ఇంటికి వెళతాడు. ఆ దృశ్యం చూడటం కష్టం. గోల్ఫ్ ఆడి తిరిగొచ్చిన జెర్రీ కోపంతో వణికిపోతూ వాళ్లను పొమ్మంటాడు. మీరే కదా ఫోన్ చెయ్యమన్నారని రూపర్ట్ అడిగితే, నిన్ను వదిలించుకోవడానికి అన్నానని జెర్రీ ఒప్పుకుంటాడు. అలా అనకపోతే ఇంకా ఆ మెట్లమీదే నిలబడి ఉండేవాళ్లమంటాడు.

సినిమా మొత్తానికీ ఇదే కీలకమైన ఒప్పుకోలు. ఇన్నేళ్ల విమర్శలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. వదిలించుకోవడానికి అబద్ధం చెప్పినవాడు మనకు మామూలు మనిషి అయ్యాడు. ఆ అబద్ధాన్ని నిజమని నమ్మినవాడు పిచ్చివాడయ్యాడు. ఎదుటివాడి మాటను మాటగా తీసుకోవడం రోగలక్షణం ఎలా అవుతుంది? మర్యాదకు చెప్పిన మాట ఏదో, మనసారా చెప్పిన మాట ఏదో విడదీసి చూడగలిగే తెలివి లోపలివాళ్లకు పుట్టుకతో అబ్బుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ గదుల్లో తిరిగి, ఆ నవ్వుల అర్థాలు తెలుసుకుని ఉంటారు. క్లిఫ్టన్ నుంచి వచ్చిన మెసెంజరుకు ఆ భాష ఎవరు నేర్పారు?

ఇక్కడ ఒకరికి న్యాయం చెయ్యాలి. జెర్రీ ఆఫీసులో పనిచేసే క్యాథీ లాంగ్ నిజమే చెబుతుంది. టేపు విన్నామని, జోకుల్లో ఇంకా పదును రావాలని, క్లబ్బుల్లో జనం ముందు చేసి చూడమని, అప్పుడు కబురు చేస్తే తమవాళ్లు వచ్చి చూస్తారని అంటుంది. మంచి సలహా. రూపర్ట్ దాన్ని తీసుకోడు, ఆమె తీర్పుమీద తనకు నమ్మకం లేదని చెప్పేస్తాడు. అహంకారి అనండి, ఒప్పుకుంటాను. కానీ ఆమె నిజం చెప్పేసరికే యజమాని అబద్ధం అతని చెవిలో నాటుకుపోయింది. సాక్షాత్తూ జెర్రీయే పిలిచాడనుకుంటున్నవాడు ఉద్యోగిని మాట ఎందుకు వింటాడు? పైవాడు చెప్పిన తియ్యటి అబద్ధం కిందివాళ్లు చెప్పే చేదు నిజాన్ని చంపేస్తుంది. ఇది రోజూ జరిగేదే. దీన్ని ఇంత స్పష్టంగా చూపించిన సినిమా నాకు మరొకటి తెలియదు.

ఈ పిచ్చి ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది తెర మీద నుంచి రాలేదు. 1980 డిసెంబరు 8న న్యూయార్కులో గాయకుడు జాన్ లెనన్‌ను ఒకడు కాల్చి చంపాడు. ఆ రోజే కొన్ని గంటల ముందు అతని దగ్గర ఆటోగ్రాఫ్ తీసుకున్నాడు. 1981 మార్చి 30న అధ్యక్షుడు రీగన్‌మీద కాల్పులు జరిపినవాడు, నటి జోడీ ఫోస్టర్ మీది వ్యామోహంతో ఆ పని చేశాడు. ఆమె నటించిన ‘టాక్సీ డ్రైవర్’ అతణ్ణి పట్టి ఊపింది. అదీ స్కోర్సెసీ, డి నీరోల సినిమాయే. ఆ కొద్ది నెలలకే ‘కింగ్ ఆఫ్ కామెడీ’ షూటింగు న్యూయార్కు వీధుల్లో మొదలైంది. విడుదలయ్యేనాటికి అమెరికా తన తారల చుట్టూ ఉన్న ప్రతి అభిమానినీ అనుమానంగా చూస్తోంది. విమర్శకులు థియేటరుకు వెళ్లింది ఆ భయంతోనే. తెరమీద ఒక తార, అతని వెంట ఒక అనామకుడు కనిపించగానే తీర్పు రాసేశారు. కానీ జిమ్మర్‌మన్ ఈ స్క్రిప్టు రాసింది ఆ కాల్పులకు చాలా ఏళ్ల ముందు. ఆటోగ్రాఫుల కోసం తిరిగేవాళ్లమీద వచ్చిన ఒక టీవీ కార్యక్రమం, అమెరికా టీవీలో జానీ కార్సన్ నడిపిన టాక్ షోను ఏ రోజుకారోజు విశ్లేషించి డైరీ రాసుకున్న ఒక ప్రేక్షకుడి గురించి వచ్చిన పత్రికా వ్యాసం అతనికి ప్రేరణ. తుపాకీ ఊసు అక్కడ లేదు. సినిమాలో రూపర్ట్ చేతిలో ఉన్నదీ బొమ్మ తుపాకీయే.

వెంటాడే అభిమాని ఎలా ఉంటుందో చూపించడానికి సినిమాలో మాషా ఉంది. ఆమెను పక్కనే పెట్టి కూడా ఇద్దరినీ ఒకే గాటన కట్టడం చూస్తే, ఈ విమర్శకులు సినిమాను ఎంత నిర్లక్ష్యంగా చూశారో తెలుస్తుంది. మాషాకు జెర్రీ కావాలి, అతని శరీరం, అతని ప్రేమ కావాలి. రూపర్ట్‌కు జెర్రీతో పని లేదు, ఆ షోలోని కుర్చీతోనే పని. మాషా డబ్బున్న ఇంటి పిల్ల. తల్లిదండ్రుల పెద్ద ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించి, జెర్రీని టేపుతో కుర్చీకి చుట్టేసి, ఎదురుగా కూర్చుని పాట పాడుతుంది. రూపర్ట్ రేపు పనికి వెళ్లకపోతే జీతం ఉండదు. ఒకరిది కోరిక, ఒకరిది ఉద్యోగ ప్రయత్నం. ఆ ప్రయత్నం నేరంగా ముగిసింది నిజమే, కానీ మొదలైంది నేరంగా కాదు.

రీటా గురించీ ఒక మాట. బారులో పనిచేసే రీటా స్కూల్లో అందరూ మెచ్చిన అందగత్తె, రూపర్ట్ ఏనాటి నుంచో ఆమెను ఇష్టపడుతున్నాడు. జెర్రీ ఇంట్లోంచి గెంటివేతకు గురై వెళ్లిపోతూ, బల్లమీద ఉన్న చిన్న వస్తువొకటి ఎవరూ చూడకుండా బ్యాగులో వేసుకుంటుంది. ఈ గుమ్మం తనకు రెండోసారి తెరుచుకోదని ఆమెకు తెలుసు. బయటివాళ్లు అందరూ ఒకేలా కలలు కనరని స్కోర్సెసీ ఆ ఒక్క కదలికలో చూపించాడు.

ఇక ఈ సినిమాను తిట్టేవాళ్లందరూ జెర్రీ నోటి నుంచి అందుకున్న సలహా ఒకటుంది: కింది నుంచి రావాలి, కష్టపడాలి, క్లబ్బుల్లో పనిచెయ్యాలి. ప్రతిభ ఉంటే ఎవరైనా పైకొస్తారని దీనికొక తాత్పర్యం కూడా చెబుతారు. ఆ రోజుల్లో కింది మెట్టు ఎలా ఉండేదో చూద్దాం. లాస్ ఏంజెలెస్‌లోని కామెడీ స్టోర్ అమెరికాలో హాస్యగాళ్లకు అతి ముఖ్యమైన క్లబ్బు. టీవీవాళ్లు వచ్చి కొత్తవాళ్లను ఎంచుకునేది అక్కడే. ప్రేక్షకులు టికెట్లకు, మద్యానికి డబ్బు కట్టేవారు. వడ్డించేవాళ్లకు జీతాలుండేవి. వేదికమీద నవ్వించేవాళ్లలో అత్యధికులకు ఏమీ ఇచ్చేవారు కాదు. క్లబ్బు వాళ్లకొక బడి లాంటిదని యజమానురాలు మిట్జీ షోర్ వాదన. 1979లో హాస్యగాళ్లు సమ్మె చేశారు. డేవిడ్ లెటర్‌మన్, జే లెనో వంటివాళ్లు వాళ్ల పక్షాన నిలబడ్డారు. వారాల తరబడి సాగిన పోరాటం తర్వాత ఒక్కో ప్రదర్శనకు 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత తనకు అవకాశాలు రావడం ఆగిపోయిందని కుంగిపోయిన ఒక హాస్యగాడు క్లబ్బు పక్కనే ఉన్న హోటల్ పైనుంచి దూకి చనిపోయాడు. ఈ సినిమా షూటింగుకు రెండేళ్ల ముందు జరిగిన సంగతులివి. జీతం లేకుండా రాత్రుళ్లు పనిచెయ్యగలిగినవాడికి మాత్రమే కింది మెట్టు అందుతుంది. మెసెంజరుకు అది కూడా పై మెట్టే.

జెర్రీ లూయిస్ సొంత జీవితం ఇంకో మంచి ఉదాహరణ. అతనూ న్యూజెర్సీవాడే, 1926లో నెవార్క్‌లో పుట్టాడు. తండ్రి రంగస్థలంమీద పాడుతూ నవ్వించే కళాకారుడు, తల్లి పియానో వాయించేది. ఐదేళ్ల వయసులోనే తల్లిదండ్రుల వేదికమీద పాట పాడాడు. దీనివల్ల అతని ప్రతిభ తగ్గిపోదు, ఆయన మహా హాస్యనటుడు. కానీ ఆయనకు అట్టడుగు మెట్టు అమ్మానాన్నల పక్కనే ఉంది. ఆయన పోషించిన పాత్ర రూపర్ట్‌కు కింది నుంచి రమ్మని సలహా ఇస్తుంటే, ఒకే రాష్ట్రంలో పుట్టిన ఇద్దరి మధ్య ఉన్న దూరం ఎంతో ఆలోచించేవాళ్లకు తెలుస్తుంది. ఆ పాత్రకు ముందు అడిగింది జానీ కార్సన్‌ను. ఆయన ఒప్పుకోలేదు. అయినా కార్సన్ ‘టునైట్ షో’ను ఏళ్ల తరబడి నిర్మించిన ఫ్రెడ్ డి కోర్డోవా, ఇందులో జెర్రీ షో నిర్మాతగా స్వయంగా నటించాడు. అంటే తెరమీద కనిపించే గుమ్మం ఊహల్లోంచి కట్టింది కాదు. దానికి కాపలా ఉన్నవాణ్ణే తెచ్చి నిలబెట్టారు.

ఇది కామెడీయే కాదు, నవ్వు రాని సినిమా అని ఇంకో అభియోగం. దాదాపు 1 కోటి 90 లక్షల డాలర్లతో తీస్తే అమెరికాలో పాతిక లక్షల డాలర్ల దగ్గర ఆగిపోయింది కాబట్టి, జనమే తీర్పు చెప్పారని వాదిస్తారు. నేను చూసిన అతి గొప్ప హాస్య సన్నివేశాల్లో ఒకటి ఇందులోనే ఉంది. అపహరణ తర్వాత తనను పట్టుకున్నారని చెప్పడానికి జెర్రీ తన ఆఫీసుకే ఫోన్ చేస్తాడు. చెప్పాల్సిన మాటలు రాసిన అట్టలు రూపర్ట్ ఎదురుగా పట్టుకుంటాడు, ఒకటి తలకిందులుగా, ఇంకొకటి వరస తప్పి. అవతల ఆఫీసువాళ్లు నమ్మరు. ఎవడో జెర్రీ గొంతు అనుకరిస్తున్నాడనుకుంటారు. నువ్వే జెర్రీవని రుజువేమిటని అడుగుతారు. ఎన్నేళ్లుగానో ఆ ఆఫీసును నడిపిన మనిషి, ఆ ఒక్క రోజు రూపర్ట్ స్థానంలో నిలబడి, తన గుమ్మం తానే దాటలేకపోయాడు. ఇంతకంటే న్యాయమైన నవ్వు ఎక్కడుంది? నవ్వు రాలేదన్నవాళ్లు రూపర్ట్‌ను చూసి నవ్వాలని వచ్చారు. సినిమా వాళ్లను ఆఫీసును చూసి నవ్వమంది. అందుకు వాళ్లు సిద్ధంగా లేరు.

అపహరణ నేరమే. ఒక మనిషిని తుపాకీతో బెదిరించి కట్టేయడాన్ని, తుపాకీ బొమ్మదే అయినా, నేను సమర్థించను. జెర్రీ ఒంటరితనం, వీధిలో అతనికి ఎదురయ్యే దుర్మార్గం కూడా సినిమా దాచలేదు. పబ్లిక్ ఫోనులో మాట్లాడుతున్న ఒక పెద్దావిడ తనవాళ్లతో మాట్లాడమని జెర్రీని అడుగుతుంది. అతను కాదనగానే క్యాన్సరొచ్చి పోవాలని శపిస్తుంది. జెర్రీ లూయిస్ జీవితంలో నిజంగా జరిగిన సంఘటన అది. తారలకూ బాధలున్నాయి, వాళ్లకూ ఏకాంతం కావాలి. కానీ నేరం చేసినవాణ్ణి నేరస్థుడు అందాం. రోగి అనవద్దు. నేరస్థుడికి కారణం ఉంటుంది. ఆ కారణం వెతుక్కుంటూ వెళితే ఆఫీసు దాకా వెళ్లాల్సి వస్తుంది. రోగి అన్నామంటే వెతకడం అక్కడితో ఆగిపోతుంది, ఆఫీసులో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఈ ముద్ర ఇంత కాలం నిలిచింది అందుకే.

ముగింపు గురించి అయితే మరీ పట్టుదలగా వాదిస్తారు. వార్తల్లో కథనాలు, పత్రికల ముఖచిత్రాలు, కొట్టు కిటికీల్లో పుస్తకాల గుట్టలు, కొత్త షోలో అనౌన్సరు అతని పేరును మళ్లీ మళ్లీ పిలవడం, ఇదంతా రూపర్ట్ కంటున్న ఇంకో కల అంటారు. సినిమాలో కలలను వాస్తవాల్లాగే చిత్రించారు కాబట్టి ఇదీ కలే కావచ్చని వాళ్ల తర్కం. కలల్లో ఏముందో చూడండి. ఒక కలలో జెర్రీ అతన్ని ఆరు వారాలు తన షో నడిపిపెట్టమని బతిమాలుకుంటాడు. ఇంకొకదానిలో టేపు విని, ఇంత ప్రతిభ ఎక్కడిదని ఆశ్చర్యపోయి, ఇంటికి రమ్మని పిలుస్తాడు. మరొకదానిలో టీవీలోనే రీటాతో పెళ్లి జరుగుతుంది. పాత బడి ప్రిన్సిపాల్ వచ్చి పెళ్లి జరిపించి, నిన్ను అర్థం చేసుకోలేదంటూ క్షమాపణ చెబుతాడు. రూపర్ట్ కలల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు అతన్ని గుర్తిస్తారు, ఎవరో ఒకరు క్షమించమంటారు. ముగింపులో ఆ మనుషులెవరూ లేరు. జెర్రీ రాలేదు, రీటా రాలేదు, ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఉన్నవి వార్తల్లో వచ్చే వివరాలు: ఆరేళ్ల శిక్ష, రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత విడుదల, ఆత్మకథకు పది లక్షల డాలర్ల పైన. తన కలలోకి తనే జైలుశిక్ష తెచ్చుకునేవాడు కాదు రూపర్ట్. పైగా ఆ ప్రసంగం ప్రసారమవుతున్నప్పుడు తప్పించుకున్న జెర్రీ, కొట్టు కిటికీలోని టీవీల ముందు ఆగి దాన్ని చూస్తాడు. రూపర్ట్ లేని చోట జరిగిన ఆ దృశ్యం ఎవరి కల?

నేరస్థుడికి అంత డబ్బు, అంత పేరు రావడం నమ్మశక్యంగా లేదనేవారు అమెరికా చరిత్ర చూడాలి. 1977లో న్యూయార్కును వణికించిన వరస హత్యల నిందితుడు పట్టుబడగానే, అతని కథ కొనడానికి ప్రచురణకర్తలు ఎగబడతారన్న భయంతో రాష్ట్ర శాసనసభ ఒక చట్టమే చేసింది. నేరం గురించి రాసుకుని నేరస్థుడు సంపాదించిన డబ్బు బాధితులకు చెందాలన్న చట్టమది. 1991లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. వాటర్‌గేట్ దోపిడీకి పథకం వేసి నాలుగేళ్లకు పైగా జైల్లో ఉన్న గోర్డన్ లిడ్డీ, 1980లో ఆత్మకథ రాస్తే అది వేడిగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత టీవీలో నటించాడు, సొంత రేడియో షో నడిపాడు. జిమ్మర్‌మన్ ఊహించింది ఊహకందని విషయం కాదు, తన దేశంలో జరుగుతున్నదే. ముగింపును కల అంటే ఎవరికి లాభమో గమనించండి. పుస్తకం కొన్న ప్రచురణకర్త, ముఖచిత్రం వేసిన పత్రిక, షో ఇచ్చిన ఛానెల్ అందరూ నిర్దోషులైపోతారు. టేపు ఇచ్చినప్పుడు లోపలికి రానివ్వనివాళ్లు, నేరం చేశాక ఎర్ర తివాచీ పరిచారన్న ఆరోపణ గాలిలో కలిసిపోతుంది. సినిమా చేసిన ఆరోపణ అదొక్కటే.

పోనీ అతని జోకులైనా చెత్తవా? సినిమా పొడుగునా స్కోర్సెసీ ఆ ప్రసంగాన్ని మనకు వినిపించకుండా దాచిపెట్టాడు. చివర్లో విన్నప్పుడు తెలుస్తుంది, అది మరీ గొప్పదీ కాదు, మరీ పనికిరానిదీ కాదు. రాత్రి పదకొండున్నరకు అమెరికా టీవీలో వచ్చే సగటు హాస్యం స్థాయిలో ఉంది. కాస్త సానపెడితే నిలబడేది. మరోవైపు జెర్రీ ఎంతటి హాస్యగాడో సినిమా ఎక్కడా నిరూపించదు. అతన్ని గొప్పవాడనుకోవడం మన అలవాటు, రూపర్ట్‌ను పనికిరానివాడనుకోవడం కూడా అలవాటే.

2019లో వచ్చిన ‘జోకర్’ ఈ అపోహను రాతిలో చెక్కేసింది. ‘కింగ్ ఆఫ్ కామెడీ’ నుంచి ఎన్నో తీసుకుని, డి నీరోనే ఈసారి టీవీ షో నడిపే మర్రే ఫ్రాంక్లిన్‌గా కూర్చోబెట్టి, బయటివాడికి మాత్రం మందులు, ఆపుకోలేని నవ్వు జబ్బు, ఆసుపత్రి రికార్డులు అంటగట్టింది. మన థియేటర్లలోనూ బాగా ఆడిన సినిమా అది. దాన్ని చూసిన కళ్లతో వెనక్కి వెళ్లి రూపర్ట్‌ను చూసినవాళ్లకు అతనూ రోగిలాగే కనిపిస్తున్నాడు. స్కోర్సెసీ రూపర్ట్‌కు డాక్టర్ను ఇవ్వలేదు, మాత్రలు ఇవ్వలేదు, జబ్బుకు పేరు పెట్టలేదు. ఆ పని చెయ్యడం చేతగాక కాదు. అంతకు ఏడేళ్ల ముందు ‘టాక్సీ డ్రైవర్’లో మనసు చెదిరిన మనిషిని ఎలా చూపించాలో ప్రపంచానికి నేర్పినవాడతను. ఇక్కడ అలా చూపించలేదంటే కావాలనే చూపించలేదు.

తెలుగువాడిగా నాకీ సినిమా ఇంత పట్టుకోవడానికి కారణం దూరంగా లేదు. ఒకప్పుడు మద్రాసులో పానగల్ పార్కు చుట్టూ, ఇప్పుడు హైదరాబాదు కృష్ణానగర్ గల్లీల్లో, ఫోటోల ఆల్బమ్ చంకలో పెట్టుకుని తిరిగేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్లకు ఎవరూ కుదరదని చెప్పరు. ఫోటోలు ఇచ్చి వెళ్లు, కబురు చేస్తాం, వచ్చే సినిమాలో చూద్దాం అంటారు. ఆ మాట పట్టుకుని నెలలు, ఏళ్లు అద్దె గదుల్లో గడిపేస్తారు. వాళ్లలో ఒకరు పైకొస్తే ప్రతిభ గెలిచిందంటాం. మిగతావాళ్ల గురించి సినిమా పిచ్చి పట్టి చెడిపోయారంటాం. పిచ్చి అన్న ఆ మాట వాళ్లకు ఇంత తేలిగ్గా అంటగట్టే మనం, కబురు చేస్తామని చెప్పి చెయ్యనివాళ్లకు పేరే పెట్టలేదు.

అవకాశం ఇచ్చే స్థానంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. మీ దగ్గరకొచ్చిన మనిషిలో ప్రతిభ కనిపించకపోతే ఆ మాటే చెప్పండి. అతనికి కోపం రావచ్చు, బాధపడవచ్చు. కానీ మరుసటి రోజు ఉదయం ఏం చెయ్యాలో అతనికి తెలుస్తుంది. పాఠకులకు కూడా ఒక మాట. ‘కింగ్ ఆఫ్ కామెడీ’ ఇంతకుముందు చూసి ఉంటే ఇంకోసారి చూడండి. ఈసారి రూపర్ట్ ఏం చేశాడన్నది పక్కన పెట్టి, అతనితో మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఏం చెప్పారో, అందులో నిజమెంతో రాసుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు తీర్పు చెప్పండి.